కార్డుల సేకరణ ఖరీదైందా? అపోహలు - వాస్తవాలు

భీమవరంలో పోకెమాన్ లాంటి బొమ్మల కార్డులు అమ్మే చిన్న కొట్టు నాది. కొట్టు పెట్టకముందు నుంచీ నేనూ సేకరిస్తున్నాను. ఈమధ్య పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే అమ్మానాన్నలు ముందు అడిగే మాట ఒకటే: "ఇంతింత రేట్లేంటండీ, మనలాంటోళ్ల వల్ల అవుద్దా?" అవుద్దండి. రేట్లు పెరిగిన మాట నిజమే. కానీ రేట్ల కన్నా అపోహలే ఎక్కువ ఖర్చు పెట్టిస్తున్నాయి.

అపోహ: కొట్టువాళ్లే రేట్లు పెంచేశారు.

వాస్తవం: 2020 లాక్‌డౌన్‌లో అమెరికాలో పెద్దవాళ్లు చిన్నప్పటి పోకెమాన్, బేస్‌బాల్ కార్డుల మీద పడ్డారు. కార్డుల నాణ్యత చూసి 1 నుంచి 10 దాకా గ్రేడ్ ఇచ్చే పీఎస్ఏ సంస్థ, వచ్చిపడిన కార్డుల్ని చూడలేక 2021 మార్చిలో చాలా సేవలు ఆపేసింది. ఆ వేడి మనదాకా వచ్చింది. పైగా 2020 మొదట్లో 71 రూపాయల దగ్గరున్న డాలరు 2024 చివరికి 85 దాటింది. బయటి దేశం నుంచి తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ సుంకం అదనం.

అపోహ: లోపల ఏ కార్డులున్నాయో తెలియని సీలు ప్యాకెట్లు కొంటూ పోతే ఎప్పటికో ఒక అరుదైన కార్డు తగిలి డబ్బంతా తిరిగొస్తుంది.

వాస్తవం: నేను ప్యాకెట్లు అమ్మేవాణ్ణే, అయినా చెబుతున్నాను, రాదు. ఎక్కువ ప్యాకెట్లలో వచ్చే కార్డులన్నీ కలిపినా ప్యాకెట్ ధరకి సరిపోవు. మొన్న సంక్రాంతికి ఒక కుర్రాడు పండగ డబ్బులన్నీ పట్టుకొచ్చి "అంకుల్, చారిజార్డ్ వచ్చేదాకా చింపుతాను" అన్నాడు. చారిజార్డ్ అంటే పోకెమాన్‌లో ఒక పాత్ర. ఆపాను. కావలసిన కార్డు ఒక్కటే విడిగా తెప్పించి ఇచ్చాను, సగం డబ్బులు మిగిలాయి. సరదాకి నెలకో ప్యాకెట్ చింపండి, కోరుకున్న కార్డు మాత్రం విడిగానే కొనండి.

అపోహ: పాత కార్డయితే చాలు, లక్షలు పలుకుతుంది.

వాస్తవం: టాప్స్ కంపెనీ 1952లో వేసిన, మికీ మాంటిల్ అనే అమెరికా బేస్‌బాల్ ఆటగాడి కార్డు ఒకటి 2022లో 1.26 కోట్ల డాలర్లకు పోయింది. నలగకుండా మిగిలినవి బహు తక్కువ కాబట్టే అంత ధర. 1980ల చివర్లో, 90ల మొదట్లో లెక్కలేకుండా అచ్చేసిన బేస్‌బాల్ కార్డుల్ని ఇవాళ చాలావరకు అడిగేవాళ్లు లేరు.

అపోహ: కవర్లో పెడితే కార్డు భద్రం.

వాస్తవం: మన డెల్టాలో ఇది అసలు కుదరదు. ఒక వానాకాలం నా ఆల్బమ్ గోడ బీరువాలో ఉండిపోయింది. గోడ చెమ్మ పట్టింది. తీసి చూస్తే మెరుపు కార్డులన్నీ దొప్పల్లా వంగిపోయాయి. వెనకున్న కాగితం తేమ పీల్చి సాగుతుంది, ముందున్న మెరుపు పొర సాగదు, దాంతో కార్డు బొమ్మవైపుకి ముడుచుకుంటుంది. బొమ్మ చెక్కుచెదరకపోయినా వంగిన కార్డుకి ధర పడిపోతుంది. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ గుర్తే. గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, వానాకాలంలో వాటిని మారుస్తూ ఉండండి. బియ్యం డబ్బాలో పెట్టమనే సలహా వినకండి, తవుడు, ముక్కుపురుగు రెండూ కార్డుకి చేటే. వంగిందని ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. పీవీసీ అనే ప్లాస్టిక్ కవర్లు కొన్నాళ్లకి బొమ్మకి అతుక్కుంటాయి, పాలీప్రొపిలీన్ అనే వేరే ప్లాస్టిక్‌వి అడిగి తీసుకోండి.

అపోహ: బంగారు రంగు కార్డులు ఖరీదైనవి.

వాస్తవం: తీర్థాల్లో, ఫ్యాన్సీ కొట్లలో వందకో రెండొందలకో కట్టగా అమ్మే బంగారు పోకెమాన్ కార్డులు నకిలీవి. పిల్లలు ఆడుకోవడానికి పర్లేదు గానీ, వాటి మీద పెట్టిన డబ్బు తిరిగిరాదు. అనుమానం వస్తే కార్డు అంచుని వెలుతురులో చూడండి. అసలు ఇంగ్లీషు కార్డుకి రెండు తెల్లపొరల మధ్య సన్నని నల్లగీత ఉంటుంది.

అపోహ: ఖరీదైన కార్డు లేకపోతే ఈ కార్డులతో ఆడే ఆట గెలవలేం.

వాస్తవం: ఒకే కార్డు మామూలు బొమ్మతోనూ వస్తుంది, మెరుపు బొమ్మతోనూ వస్తుంది. ధర ఎక్కడికో పోయినా ఆటలో బలం ఒకటే. ఆదివారాలు మా కొట్టు అరుగు మీద ఆడే పిల్లల్లో ఎక్కువమంది దగ్గరున్నవి మామూలు బొమ్మలవే.