కోళ్ల దాణా దగ్గర పిచ్చుకలు, కాకులు: అపోహలు - వాస్తవాలు

"పిచ్చుకలు తినేదెంతండి డాక్టరు గారూ, గుప్పెడు నూకలు. పాపం, తిననివ్వండి."

పోయిన నెల ఈ మాట అన్న ఆవిడ చేతిలో అప్పటికే చచ్చిపోయిన పెట్ట ఉంది. పెరట్లో ఇంకో ఆరు కోళ్లు రెక్కలు వేలాడేసి, ఆకుపచ్చగా పారుతూ మూలన ముడుచుకుని కూర్చున్నాయి. ఒకదానికి మెడ మెలి తిరిగిపోయింది. ఎవరో గిట్టనివాళ్లు మందు పెట్టారని ఆవిడ అనుమానం. గోదావరి డెల్టా ఊళ్లలో పశువైద్యం చేస్తూ "తినేదెంతండి" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పెరటి కోళ్లు పెంచేవాళ్లను నిలువునా ముంచేది ఈ ఒక్క మాటే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను.

ఆవిడ కోళ్లకు మేత పెట్టే చోటు చూపించమన్నాను. మునగ చెట్టు కింద ఒక వెడల్పాటి బేసిను. తవుడు, నూకలు తడిపి పొద్దున్నే ఆరింటికి పెట్టారట. నేను వెళ్లేసరికి పదకొండు. కోళ్లు తిన్నంత తిని వెళ్లిపోగా మిగిలిన మేత మీద నాలుగు పిచ్చుకలు, ఒక గోరువంక వాలి ఉన్నాయి. బేసిను అంచు చుట్టూ తెల్లటి రెట్ట. కొంత ఎండి పెచ్చు కట్టింది, కొంత ఇంకా పచ్చిగా తవుడులోకి జారుతోంది. పక్కనే నీళ్ల మూకుడు. అందులో ఒక చేప తల. కాకి ఎక్కడి నుంచో తెచ్చి నానేసుకుంది. మధ్యాహ్నం కోళ్లు మళ్లీ ఆ బేసిను దగ్గరికే, ఆ మూకుడు దగ్గరికే వస్తాయి.

పిచ్చుక తినే నాలుగు గింజలతో ఎవరూ నష్టపోరు. లెక్క చూడాల్సింది ఆ రెట్ట. కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు), సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా, నులిపురుగుల గుడ్లు, బర్డ్ ఫ్లూ వైరస్, అన్నీ రెట్టతో మేతలోకి, నీళ్లలోకి దిగుతాయి. రెట్టలో ఉన్న బర్డ్ ఫ్లూ వైరస్ 37 డిగ్రీల వేడిలో కూడా ఆరు రోజుల దాకా బతకగలదు. 4 డిగ్రీల చల్లదనంలో అయితే 35 రోజులు. "ఎండకు చచ్చిపోతుంది లెండి" అనేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. పైగా ఆ బేసిను ఉన్నది చెట్టు నీడలో, తడి తవుడుతో.

బర్డ్ ఫ్లూ భయం ఉన్న ప్రాంతం కాబట్టి చచ్చిన కోడిని పెరట్లో కోయకుండా ల్యాబ్‌కు పంపాం. కొక్కెర తెగులని తేలింది. ఆ పిచ్చుకలే తెచ్చాయని నేను ప్రమాణం చేయలేను. సంతలో కొన్న పుంజు తెచ్చి ఉండొచ్చు, చెప్పులకు అంటుకునీ వచ్చి ఉండొచ్చు. టీకా కూడా సరిగ్గా పడలేదు. కానీ ఎలా వచ్చినా, జబ్బు కోడి, మంచి కోడి, బయటి పక్షి ఒకే బేసినులో మూతి పెడుతుంటే ఇక దాన్ని ఆపేదెవరు? ఆవిడ ఏడుస్తూ "నేనే చంపుకున్నానా అండీ" అంది. కాదమ్మా, ఇలా పెట్టకూడదని ఇన్నాళ్లూ మీకు ఎవరూ చెప్పలేదు, అంతే.

దీనికి కవల అపోహ ఒకటుంది: "పక్షుల్ని తోలేస్తే సరి." మెరుపు రిబ్బన్లు, పాత సీడీలు, దిష్టిబొమ్మ, టపాకాయలు. రొయ్యల చెరువుల దగ్గర చూడండి. కాపలా మనిషి టపాకాయ కాలిస్తే కొంగలు లేచి పక్క చెరువు గట్టు మీద వాలతాయి, పొగ తగ్గాక తిరిగి వస్తాయి. రిబ్బను చూసి పిచ్చుకలు మొదటి వారం బెదురుతాయి, తర్వాత దాని మీదే ఊగుతాయి. మేత బయట ఉన్నంత కాలం పక్షి వస్తూనే ఉంటుంది. కాబట్టి డబ్బు, ఓపిక పెట్టాల్సింది మేత మూయడం మీద.

పెద్ద ఖర్చేం కాదు. పూట పూటకీ కోళ్లు పదిహేను, ఇరవై నిమిషాల్లో ఖాళీ చేసేంతే పెట్టండి. అవి తింటున్నంత సేపూ అక్కడే నిలబడండి, మిగిలింది తీసేసి బేసిను కడిగి బోర్లించండి. నేను చెప్పేవాటిలో ఈ ఒక్కటి చేసినా సగం గండం గడిచినట్టే. మేత చెట్టు కింద కాకుండా పాకలోనో, చూరు కిందో పెట్టండి. పాక చుట్టూ అరంగుళం కన్నుల జాలీ కట్టండి. అంగుళం దాటిన కన్నుల్లోంచి పిచ్చుక సులువుగా దూరిపోతుంది. మన దగ్గర పాత చేపల వలలకు కరువు లేదు, అవీ పనికొస్తాయి. కాకపోతే బిగుతుగా లాగి కట్టాలి. వదులుగా వేలాడితే పక్షులు, పాములు చిక్కుకుని చస్తాయి. దాణా బస్తా మూతి విప్పి అరుగు మీద వదిలేయకుండా మూతున్న డ్రమ్ములో పోయండి. నీళ్లు కూడా నీడన, కప్పు కింద పెట్టి రెండు పూటలా మార్చండి. చెరువు నీళ్లు, కాలువ నీళ్లు కోళ్లకు పెట్టొద్దు.

ఫారాల వాళ్లకు ఒక మాట. మీ షెడ్డుకు జాలీ ఉంటుంది, సంతోషం. కానీ దాణా దించే చోట నేల మీద ఒలికింది ఎవరు ఊడుస్తున్నారు? ఇక చచ్చిన కోళ్లను కాలువలో పడేసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది. వాటిని పీక్కుతిన్న కాకి నేరుగా ఊళ్లో పెరళ్లకే వస్తుంది. సున్నం వేసి లోతుగా పూడ్చండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"బర్డ్ ఫ్లూ వలస పక్షులతోనే వస్తుంది, మాకు కొల్లేరు దూరం." కొల్లేరు బాతు మీ పెరట్లో వాలదు, నిజమే. కానీ చెరువు గట్టునా, మీ బేసిను అంచునా రెండు చోట్లా వాలే కాకి ఉంది కదా. 2020 డిసెంబరు చివర్లో, 2021 జనవరిలో రాజస్థాన్‌లోని ఝాలావాడ్‌లో, మధ్యప్రదేశ్‌లోని ఇందోర్‌లో బర్డ్ ఫ్లూతో చచ్చిపోయినవి కాకులే.

"టీకా వేయించాం, మాకేం టెన్షన్ లేదు." పెరటి కోళ్లకు మనం తొలి వారంలో వేసే లసోటా చుక్కలు, ఎనిమిదో వారంలో చేసే ఆర్‌టూబీ ఇంజెక్షను కొక్కెర తెగులుకు. తప్పకుండా వేయించండి. బర్డ్ ఫ్లూను మాత్రం అవి ఆపవు.

"పసుపు, వెల్లుల్లి నీళ్లు తాగిస్తే ఏ వైరసూ రాదు." వస్తుంది.

"విషం కలిపిన గింజలు చల్లితే పీడ పోతుంది." మీ కోళ్లే తిని చస్తాయి. వీధి కుక్కలూ చస్తాయి. అడవి పక్షుల్ని చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా. దయచేసి ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.

2025 ఫిబ్రవరిలో మా గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు నా ఫోను రాత్రీ పగలూ మోగింది. జబ్బు తేలిన చోటు చుట్టూ కిలోమీటరు లోపల పెరటి కోళ్లను కూడా చంపేస్తారు. పిల్లల్లా పెంచుకున్నవాళ్ల భయం నాకు అర్థమైంది. అర్థం కానిది వాట్సాప్‌లో తిరిగిన పుకార్లు. గుడ్డు ముట్టుకుంటే చస్తారని ఒకరు, ఊళ్లో పిచ్చుక గూళ్లన్నీ పీకేయాలని ఇంకొకరు. 70 డిగ్రీలు దాటి బాగా ఉడికిన గుడ్డులో, మాంసంలో ఆ వైరస్ బతకదు. చచ్చిన పిచ్చుక ఒకటి కనిపిస్తే బర్డ్ ఫ్లూ అని కాదు. అది ఎండదెబ్బ కావచ్చు, పిల్లి పని కావచ్చు. ఒకే రోజు కోళ్లు వరసగా పడిపోతున్నా, కాకులు గుంపుగా చచ్చి కనిపించినా వట్టి చేత్తో ముట్టుకోకుండా పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు గానీ, దగ్గరి పశువుల ఆసుపత్రికి గానీ ఫోను చేయండి.

ఆ రోజుల్లోనే ఒక పెద్దాయన ఫోను చేసి, "మరి వరి కుచ్చులు కట్టడం మానేయాలా బాబూ?" అని బెంగగా అడిగారు. మా అమ్మ ఏటా కోతలవగానే పిచ్చుకల కోసం కంకులు అల్లి కుచ్చు కట్టేది. చిన్నప్పుడు నేను వాకిట్లో మంచం మీద పడుకుని, పొట్టు రాలుతుంటే పిచ్చుకల్ని లెక్కపెట్టేవాణ్ణి. మానొద్దని చెప్పాను. కోళ్ల గూటి పైన మాత్రం కట్టొద్దన్నాను.

మొన్న ఆ మునగ చెట్టు ఇంటికి మళ్లీ వెళ్లాను. మిగిలిన మూడు కోళ్లూ తేరుకున్నాయి. పాకకు పాత వల బిగించి ఉంది, బేసిను కడిగి గోడకు ఆనించి ఉంది. ఆవిడ వరి కుచ్చును వీధి వసారాలోకి మార్చింది. దాని మీద పిచ్చుకలు గోల గోలగా ఉన్నాయి.