చెమట పడుతున్నా వడదెబ్బే: కాలేజీ ఫుట్‌బాల్ క్యాంపు అపోహలు – వాస్తవాలు

“ఒళ్లంతా చెమటలేనండీ, వడదెబ్బ అయ్యుండదు.”

ప్రతి ఆగస్టులో ఈ మాట ఎవరో ఒకరు నాతో అంటారు. అమెరికాలో ఒక కాలేజీ ఫుట్‌బాల్ (హెల్మెట్, ప్యాడ్స్‌తో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) జట్టుకు అథ్లెటిక్ ట్రైనర్‌గా, అంటే ఆటగాళ్ల గాయాలు, ఆరోగ్యం చూసుకునే మనిషిగా పని చేస్తున్నాను. ఈసారి అన్నది తెలిసినవాళ్ల ద్వారా ఫోన్ చేసిన ఒక తెలుగావిడ. వాళ్లబ్బాయి హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో (మైదానంలో కవాతు చేస్తూ వాయించే బృందంలో) ఉన్నాడు. ప్రాక్టీసులో కళ్లు తిరిగి కూలబడ్డాడట. ఇప్పుడు బాగానే ఉన్నాడు కానీ ఆవిడకు రాత్రంతా నిద్ర లేదు. ఆ టెన్షన్ నాకు అర్థమైంది. ఆ చెమట మాట మాత్రం వదిలేయలేకపోయాను.

అపోహ: చెమట ఆగిపోతేనే వడదెబ్బ.

మాది పల్నాడు. మే నెలలో వడదెబ్బ తగిలిన పెద్దవాళ్ల ఒళ్లు పొడిబారి పెనంలా కాలడం చిన్నప్పుడు చూశాను. అది నిజమే, కానీ ఆ వడదెబ్బ వేరు. పరుగెత్తే కుర్రాడికి తన కండరాలే లోపల పొయ్యి రాజేస్తాయి. చెమట ధారగా కారుతూనే ఉంటుంది, లోపలి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటిపోతుంది. అందుకే మేం చూసేది మనిషి తీరు. తూలుతున్నాడా? పొంతన లేకుండా మాట్లాడుతున్నాడా? ఊరికే కసురుకుంటున్నాడా? అనుమానం వస్తే మలద్వారంలో పెట్టే థర్మామీటరునే నమ్మాలి. నుదుటి దగ్గర పట్టేవి, నోట్లోవి, చంకలోవి ఆ సమయంలో నమ్మదగ్గవి కావు.

అపోహ: ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రాణాలు పోయేది ఈ నమ్మకం వల్లే. అమెరికాలో అత్యవసర నంబరు 911కి వెంటనే ఫోన్ చేయాలి, కానీ అంబులెన్స్ వచ్చినా ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఎక్కించాలి. కుప్పకూలిన అరగంటలోపు వేడిని 39 డిగ్రీల కిందికి దింపితే దాదాపు అందరూ బతుకుతారు. 2018 మేలో మేరీల్యాండ్ యూనివర్సిటీ ఆటగాడు, 19 ఏళ్ల జోర్డన్ మెక్‌నెయిర్, 110 గజాల పరుగులు తీస్తూ కూలిపోయాడు. అతని టెంపరేచర్ చూడలేదు, చల్లటి నీళ్లలో ముంచలేదు. రెండు వారాలకు చనిపోయాడు. తప్పు తమదేనని యూనివర్సిటీ ఆ తర్వాత ఒప్పుకుంది. ఆ వివరాలు చదివిన రోజు నేను భోజనం చేయలేదు.

కొన్నేళ్ల కిందట మా ట్రైనింగ్ క్యాంపులో ఒక లైన్‌మన్ (ముందు వరసలో ఆడే భారీ ఆటగాడు) చివరి పరుగులో అడ్డదిడ్డంగా కాళ్లు వేశాడు. 140 కిలోల పిల్లాడు. జెర్సీ పిండితే నీళ్లు కారేలా ఉంది. “ఈ రోజు ఏ వారం?” అని అడిగితే వాళ్ల అమ్మ కారు గురించి చెప్పాడు. థర్మామీటరులో 41.7. నలుగురం పట్టుకుని ఐస్ నీళ్ల తొట్టిలోకి దించాం. తల మునగకుండా చంకల కింద నుంచి తువ్వాలు వేసి నేను పట్టుకున్నాను, ఇంకొకరు నీళ్లు కలుపుతూనే ఉన్నారు. “ఇంత చల్లదనానికి ఒళ్లు షాక్‌లోకి వెళ్తుందేమో, తీసేద్దామా?” అని ఒక కోచ్ వణుకుతూ అడిగాడు. వెళ్లదు. ఐస్ నీళ్లంత త్వరగా వేడిని లాగేది ఇంకొకటి లేదు. పద్నాలుగో నిమిషానికి 38.9. వాడు కళ్లు తెరిచి తన బూట్లు ఏవని అడిగాడు. అప్పుడు అంబులెన్స్ ఎక్కించాం.

మిగతావి త్వరగా చెబుతాను. నీళ్లు బాగా తాగితే వడదెబ్బ రాదన్నది తప్పు. నీళ్లు కావాల్సిందే, కానీ కండరాల్లో పుట్టే వేడిని అవి ఆపలేవు. అవసరానికి మించి తాగితే రక్తంలో సోడియం పడిపోయి అదో ప్రమాదం. ఎండ ప్రాంతాల్లోనే వస్తుందనేదీ తప్పే. 2001లో ప్రొఫెషనల్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ వడదెబ్బతో పోయింది ఉత్తరాన ఉన్న మిన్నెసోటాలో. మ్యాచ్‌లు మొదలయ్యాకే జాగ్రత్త అనుకోవద్దు. సీజన్‌లో ఉండే 12 మ్యాచ్‌ల కంటే నాకు భయమంతా వాటికి ముందు జరిగే క్యాంపు మొదటి వారంతోనే. ఒంటికి ఎండ అలవాటు కావాలనే మొదటి రెండు రోజులు హెల్మెట్ తప్ప ప్యాడ్స్ వేయనివ్వరు. ఇక హెల్మెట్ ఉంటే కంకషన్ (దెబ్బకు మెదడు అదిరిపోవడం) రాదనేవాళ్లకు ఒక్కటే మాట: అది పుర్రె పగలకుండా కాపాడుతుంది, లోపల మెదడు కదలకుండా ఆపలేదు.

ఆవిడకు మాత్రం రెండే పనులు చెప్పాను. బాబును డాక్టరుకు చూపించేవరకు ప్రాక్టీసుకు పంపొద్దని, బ్యాండ్ ప్రాక్టీసు చేసే చోట తొట్టి, ఐస్ ఉన్నాయో లేదో స్కూల్లో అడగమని. “అలా అడిగితే ఏమన్నా అనుకుంటారేమో” అంది. అడగమ్మా, అన్నాను. రెండు రోజులకు ఫోటో పంపింది. పార్కింగ్ లాట్ అంచున, నీడలో, పశువులకు నీళ్లు పెట్టే పెద్ద ప్లాస్టిక్ తొట్టి, పక్కన రెండు ఐస్ పెట్టెలు. మేం వాడేదీ సరిగ్గా అదే తొట్టి.