ఒంటి రెక్క ఫ్లెక్సీ వెనుక అసలు కథ

కోనసీమలోని ఒక పట్టణంలో సెమీ క్రిస్మస్‌కు ముందు సంఘం కుర్రాళ్లు గేమింగ్ పోటీ పెట్టుకున్నారు. దాని కోసం ఒక ఫ్లెక్సీ కట్టారు. వెండి రంగు పొడుగు జుట్టు, మనిషి ఎత్తును మించిన కత్తి, ఒక భుజానికి మాత్రమే నల్ల రెక్క ఉన్న బొమ్మ అది, 'ఫైనల్ ఫాంటసీ 7' అనే జపాన్ వీడియో గేమ్‌లో విలన్ సెఫిరోత్‌ది. కట్టిన రాత్రే ఎవరో చింపేశారు. తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపుల్లో "చర్చి గోడ పక్కన సాతాను బొమ్మ" అంటూ వాయిస్ మెసేజీలు తిరిగాయి. పోయినేడు ఇదే బొమ్మ ఉన్న టీషర్టు మీద రేగి, నలుగురూ సర్దిచెబితే చల్లారిన గొడవ మళ్లీ రాజుకుంది.

సంఘ పెద్దలు చెప్పేది సూటిగానే ఉంది. దేవదూత రూపాన్ని విలన్‌కి తొడగడం దైవదూషణ అంటున్నారు. సాతాను వెలుగుదూత వేషం వేసుకుంటాడని పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో హెచ్చరించాడని, ఇది ఆ వేషమేనని వాళ్ల వాదన. ఆ పాత్ర వచ్చేటప్పుడు వినిపించే లాటిన్ పాట సాతానును పిలిచే మంత్రమని కూడా ఒక మెసేజీ చెబుతోంది. కుర్రాళ్లు ఒకటే అన్నారు: "ఆడు విలనండి. చివర్లో ఓడిపోతాడండి." అంతకు మించి వాళ్లను మాట్లాడనివ్వలేదు. మాట్లాడనిస్తే చెప్పడానికి వాళ్ల దగ్గర చాలా ఉంది.

ఏదెను తోట, కెరూబుల ఖడ్గజ్వాల, మిఖాయేలు ఘటసర్పంతో చేసిన యుద్ధం సండే స్కూలుకు వెళ్లిన ప్రతి పిల్లవాడికీ తెలిసినవే. వాటి జోలికి పోను. ఈ ఫ్లెక్సీ గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 1990లలో జపాన్‌కీ అమెరికాకీ మధ్య జరిగిన ఒక మార్పు.

అప్పట్లో నింటెండో యంత్రాల మీద ఆడే జపాన్ గేమ్‌ను అమెరికాలో అమ్మాలంటే ఆ కంపెనీ అమెరికా శాఖ నియమాలకు లోబడాలి. మత చిహ్నాలేవీ తెర మీద కనిపించకూడదు. సమాధుల మీద శిలువలు ఉంటే తీసేయాల్సిందే. 'ఫైనల్ ఫాంటసీ' అనే గేమ్ వరుసలో చెడును ఎదిరించే మంత్రం ఒకటి ఉంది, దాని పేరు 'హోలీ'. 1991లో అమెరికాకు వెళ్లిన భాగంలో దాన్ని 'వైట్' అని మార్చారు. 1994లో వెళ్లిన భాగంలో 'పర్ల్' అన్నారు. ఈ జాగ్రత్తకు కారణం ఉంది. 1980లలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' లాంటి ఆటలు పిల్లలను సాతాను ఆరాధనలోకి లాగుతున్నాయని అమెరికాలో పెద్ద ప్రచారం నడిచింది. ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న వాదనలు అప్పుడు అక్కడ పుట్టినవే.

1994లో అమెరికాలో గేమ్‌లకు వయసుల వారీగా రేటింగ్ ఇచ్చే పద్ధతి మొదలైంది. ఆ వెంటనే సోనీ ప్లేస్టేషన్ వచ్చింది. దాని కోసం స్క్వేర్ కంపెనీ తయారు చేసిన 'ఫైనల్ ఫాంటసీ 7' 1997 జనవరి 31న జపాన్‌లో, సెప్టెంబరులో అమెరికాలో విడుదలైంది. ఈసారి 'హోలీ' పేరును ఎవరూ మార్చలేదు. ఫ్లెక్సీ మీద ఉన్న సెఫిరోత్ ఈ గేమ్ విలనే. నా ఉద్దేశంలో అసలు మలుపు ఇదే. మతం పేరెత్తడానికే భయపడిన పరిశ్రమ ఒక్కసారిగా దేవదూతలను, వాళ్ల పేర్లను, రెక్కలను, కత్తులను తెర మీదికి తెచ్చింది. తర్వాత వచ్చినవన్నీ ఆ దారిలోనే నడిచాయి.

జపాన్‌లో క్రైస్తవులు నూటికి ఒక్కరు. అక్కడి కళాకారులకు దేవదూత రెక్క దూరదేశపు వస్తువు, కొత్తది, అందమైనది. 1995లో టీవీలో మొదలైన 'ఎవాంజెలియన్' అనే యానిమేషన్ సీరియల్‌లో మనుషుల మీదికి వచ్చే వింత శత్రువులకు దేవదూతల పేర్లు పెట్టారు. ఒక ఈటెకు ఏసు పక్కలో పొడిచిన సైనికుడిదని చెప్పే లాంగినస్ పేరు పెట్టారు. ఆ సీరియల్ సహాయ దర్శకుడు త్సురుమాకి తర్వాతి కాలంలో ఈ విషయం దాచకుండా చెప్పాడు. తమ దేశంలో క్రైస్తవం అరుదు కాబట్టి ఆ గుర్తులు మర్మంగా అనిపిస్తాయని, మిగతా రోబో కథల నుంచి వేరుగా కనిపించడానికి వాడుకున్నామని అతని మాటల సారం. అందులో భక్తీ లేదు, ద్వేషమూ లేదు.

అంతమాత్రాన ఆ గుర్తులు ఉత్త అలంకారం అనుకుంటే పొరపాటు. సెఫిరోత్ పేరు యూదుల కబ్బాలా సంప్రదాయం నుంచి వచ్చింది. అనంతుడైన దేవుడి శక్తి పది రూపాల్లో లోకంలోకి ప్రవహిస్తుందని ఆ సంప్రదాయం చెబుతుంది. ఆ పదింటినీ కలిపి పిలిచే పేరు ఇది. గేమ్‌లో ఈ విలన్ ఒక ఉల్కను భూమి మీదికి రప్పిస్తాడు. ఆ గాయం మాన్పుకోవడానికి భూమి కూడగట్టుకునే ప్రాణశక్తినంతా తానే మింగి దేవుడైపోవాలని చూస్తాడు. ఆ పేరున్నవాడికి ఆ కోరిక పెట్టడం ఆలోచించి చేసిన పని.

రెక్కల సంగతీ అంతే. బైబిల్లో యెషయా ఆరో అధ్యాయంలో సెరాపులనే దూతలకు ఆరు రెక్కలు. రెండింటితో ముఖం కప్పుకుంటారు, రెండింటితో కాళ్లు కప్పుకుంటారు, రెండింటితో ఎగురుతారు. అంటే నాలుగు రెక్కలు వినయానికే. గేమ్ చివర్లో సెఫిరోత్ మారిన రూపం చూడండి. కుడిచేతి స్థానంలో ఒకే రెక్క, నడుము కింద కాళ్ల బదులు రెక్కల గుత్తి. ముఖం కప్పుకునే రెక్క ఒక్కటి కూడా లేదు. దేవుడి ముందు ముఖం దాచుకోనివాడు అన్న భావం బొమ్మలోనే ఉందని నాకనిపిస్తుంది. దీన్ని చూసి పెద్దలు భయపడ్డారు. సరిగ్గా వాళ్లు ఏటా ప్రసంగాల్లో చెప్పే గర్వభంగం కథే అందులో ఉంది.

ఇక 'సాతాను మంత్రం'. ఆ పాటకు సంగీతం నొబువో ఉఎమాత్సు. లాటిన్ మాటలు 'కార్మినా బురానా' అనే మధ్యయుగపు పద్యాల నుంచి తీసుకున్నవి. ఆ రాతప్రతి 1803లో దొరికింది జర్మనీలోని బవేరియాలో, ఒక క్రైస్తవ మఠంలో. అందులో ఎక్కువగా ఉన్నవి విద్యార్థులు, ఊరూరా తిరిగే పాదిరీలు రాసుకున్న ప్రేమ, మద్యం, విధి గురించిన పద్యాలు. గేమ్‌లో పాడేది కడుపులో రగిలే కోపం గురించి, క్రూరమైన విధి గురించి. సాతాను పేరు అందులో ఎక్కడా లేదు.

కుర్రాళ్లు పెద్దలకు చూపిద్దామనుకున్న సీను ఒకటుంది. నీళ్ల మధ్య ఒక పాత నగరం. ఏరిత్ అనే అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని, చేతులు జోడించి, లోకం కోసం ప్రార్థన చేస్తోంది. పైనుంచి సెఫిరోత్ దిగి ఆ పొడుగు కత్తి ఆమె వీపులో గుచ్చుతాడు. ఆమె జడ రిబ్బనులోంచి తెల్లటి గోళీ ఒకటి జారి, మెట్ల మీద ఎగిరి పడుతూ నీళ్లలోకి పోతుంది. 1997లో ఈ సీను చూసి ఎన్ని దేశాల్లో పిల్లలు ఏడ్చారో! కథ అక్కడితో ఆగదు. ఆమె చేసిన ప్రార్థన అప్పటికే ఫలించిందని తర్వాత తెలుస్తుంది. విలన్ దాన్ని అణిచిపెట్టి ఉంచుతాడు. వాడు ఓడిపోయాక ఆ ప్రార్థన పిలిచిన 'హోలీ' మంత్రం బయటికొచ్చి ఉల్కకు అడ్డం పడుతుంది. ప్రార్థన చేసే అమ్మాయిని చంపినవాడిని ఈ గేమ్ ఎక్కడా పూజించలేదు.

ఆ కత్తి పేరు మాసమునె. అది ఒక మనిషి పేరు. 13వ శతాబ్దం చివర, 14వ శతాబ్దం మొదట్లో జపాన్‌లోని సగామి ప్రాంతంలో ఉన్న గొప్ప కత్తుల కమ్మరి ఆయన. ఆయన గురించి జపాన్‌లో ఒక కథ చెబుతారు. ఆయన కత్తినీ, మురామాస అనే మరో కమ్మరి కత్తినీ వాగులో నిలబెట్టారట. మురామాస కత్తి కొట్టుకొచ్చిన ప్రతిదాన్నీ కోసింది. మాసమునె కత్తి ఆకులను కూడా గాయపరచకుండా పక్కకు పోనిచ్చింది. నిజానికి మురామాస చాలా తర్వాతి కాలం వాడు కాబట్టి ఇది కథే. కానీ అమాయకులను కోయదని పేరున్న కత్తే విలన్ చేతిలో ప్రార్థన చేస్తున్న అమ్మాయిని చంపడం గమనించాలి. పవిత్రమైనది దారి తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆయుధాలకూ పడిపోయిన దూతలకూ సంబంధం పెట్టింది గేమ్‌లు కావు. యూదా పత్రికలో "ఆదాము మొదలుకొని ఏడవవాడు" అని చెప్పిన హనోకు పేరు మీద ఒక పాత గ్రంథం ఉంది. ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘం దాన్ని ఇప్పటికీ బైబిల్లో భాగంగా చదువుతుంది. హెర్మోను కొండ మీద దిగిన రెండొందల మంది దూతల్లో అజాజేలు అనేవాడు మనుషులకు కత్తులు, డాళ్లు, కవచాలు చేయడం నేర్పాడని ఆ గ్రంథం ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. దీని ఆధారంగా 2011లో 'ఎల్ షద్దాయ్' అనే గేమ్ వచ్చింది. దాన్ని తీసింది అప్పట్లో మన ముంబై యూటీవీ చేతిలో ఉన్న ఇగ్నిషన్ సంస్థ. అందులో హనోకు శత్రువుల దగ్గర లాక్కున్న ఆయుధాన్ని వాడుతూ ఉంటే అది మలినమవుతుంది. అప్పుడతను దాని పొడవునా అరచెయ్యి ఆనించి శుద్ధి చేసి మళ్లీ పట్టుకుంటాడు. 2014లో 'డయాబ్లో 3'కి వచ్చిన కొనసాగింపులో జ్ఞానానికి అధిపతి అయిన ప్రధానదూతే మృత్యుదూతగా మారతాడు. ఇలాంటివి చాలా ఉన్నాయి, అన్నీ చెప్పుకుంటూ పోవడం అనవసరం.

మరి డెల్టాలో ఈ బొమ్మ ఇంత గట్టిగా ఎందుకు తగిలింది? 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చి నరసాపురం వైపు పని మొదలుపెట్టారు. గోదావరి డెల్టా మిషన్ అలా పుట్టింది. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్నప్పుడు అక్కడి కూలీల మధ్య కూడా బౌడెన్ సువార్త చెప్పాడు. ఆ సంప్రదాయంలో మందిరం గోడ మీద వాక్యం ఉంటుంది, బొమ్మ ఉండదు. దేవదూత చెవితో వినాల్సినవాడు. యానాంలో 1846 నాటి కథోలిక చర్చి ఉంది, ఆ సంప్రదాయం వేరు. సాతానును కాలికింద తొక్కి కత్తి ఎత్తిన మిఖాయేలు బొమ్మ కథోలికులకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇప్పుడు గొడవ పడుతున్న సంఘం నరసాపురం దారిలో పెరిగింది. వాళ్లు దేవదూతను అంత పెద్ద బొమ్మగా, రంగుల్లో చూడటం ఇదే మొదటిసారి, చూసిందేమో విలన్‌ని. ఉలిక్కిపడటంలో తప్పు లేదు.

అదే డెల్టాలో అంతర్వేది ఉంది. నేల మీద పడ్డ తన రక్తం ఎన్ని ఇసుక రేణువులను తడిపితే అంతమంది రాక్షసులు పుట్టేలా రక్తవిలోచనుడు వరం పొందిన కథ అక్కడ ఇంటింటా తెలుసు. శాపం తగిలి వైకుంఠ ద్వారం నుంచి కింద పడిన జయవిజయుల కథా తెలుసు. రాక్షసుడి బలం ఎంత పెద్దగా చెబితే నరసింహుడి మహిమ అంత పెద్దదని వినేవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ కథ విని రక్తవిలోచనుడికి గుడి కట్టినవాడు లేడు.

పెద్దల కోపంలో ఒక భాగం మాత్రం బొమ్మకు సంబంధించింది కాదు. 2016లో జియో వచ్చాక డేటా చవకైంది, గేమ్‌లు ప్రతి పిల్లవాడి జేబులోకి వచ్చాయి. పబ్జీని 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించింది. అదే నెలలో వచ్చిన 'గెన్షిన్ ఇంపాక్ట్'లో దేవతలకు పాత మంత్రగ్రంథంలోని దయ్యాల పేర్లున్నాయి. అర్ధరాత్రి దాకా ఫోన్లు, తల్లి ఖాతాలోంచి గేమ్ కొనుగోళ్లు, పదో తరగతి మార్కుల టెన్షన్. ఇవి నిజమైన బాధలు, వాటి గురించి కూర్చుని మాట్లాడాలి. ఫ్లెక్సీ చింపితే అవి తీరవు.

ఇప్పుడు సంఘ కమిటీ కుర్రాళ్ల నుంచి రాతపూర్వక క్షమాపణ అడుగుతోంది. కుర్రాళ్లు పోటీని క్రిస్మస్ తర్వాతకు వాయిదా వేసుకున్నారు, ఫ్లెక్సీ మళ్లీ కట్టబోమని ఒప్పుకున్నారు. క్షమాపణ రాయడానికి మాత్రం ఒప్పుకోలేదు. దానికి బదులు కమిటీ మీటింగులో ప్రొజెక్టరు పెట్టి ఏరిత్ ప్రార్థన సీనునూ, చివరి యుద్ధాన్నీ చూపిస్తామని, లాటిన్ పాటకు తెలుగు అర్థం కాగితం మీద రాసి తెస్తామని అడిగారు. మీటింగు జనవరి మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ఉంది. సీను చూస్తామని గానీ, చూడబోమని గానీ కమిటీ ఇంకా చెప్పలేదు.