సంఘమంతా కలిసి పాడే పాట: అపోహలు - వాస్తవాలు

ఆదివారం ఆరాధనలో పాటలు నడిపించడం నా పరిచర్య. సంఘం గొంతు వినిపించడమే అందులో అన్నిటికన్నా ముఖ్యమని నమ్ముతాను. దానికి అడ్డుపడే మాటలు కొన్ని తరచూ వింటుంటాను.

అపోహ: పాడటం గాయక బృందం పని, మిగిలినవారు వింటే చాలు.

వాస్తవం: కొలొస్సయులకు రాసిన పత్రికలో (3:16) పౌలు సంగీతములతోను కీర్తనలతోను ‘ఒకనికి ఒకడు బోధించుచు’ అన్నది సంఘం మొత్తంతో. 136వ కీర్తన చూడండి. 26 వచనాల్లోనూ ‘ఆయన కృప నిరంతరముండును’ అన్న పల్లవి తిరిగి వస్తుంది. ప్రజలు అందుకోవడానికి అంతకన్నా అనువైన కూర్పు ఏముంటుంది? ప్రజలు ఆరాధనలో చురుగ్గా పాలుపంచుకోవాలని కతోలిక సంఘం కూడా 1963లో, బిషప్పులంతా కూడిన రెండవ వాటికన్ మహాసభలో స్పష్టంగా చెప్పింది.

అపోహ: ప్రసంగానికి ముందు, జనం వచ్చి కూర్చునేదాకా పాటలు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. 2వ శతాబ్దం ఆరంభంలో బితూనియను (నేటి టర్కీలోని ఒక రోమా ప్రాంతం) పాలించిన అధికారి ప్లీనీ, రోమా చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన లేఖలో క్రైస్తవుల గురించి చెప్పిన కొద్ది విషయాల్లో ఇదొకటి: తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడిగా ఎంచి వంతులవారీగా పాడతారని. మన పల్లెల్లో అక్షరం రాని అవ్వలు సిలువ గురించీ రక్షణ గురించీ చెప్పగలుగుతున్నారంటే, అది చాలావరకు కంఠతా వచ్చిన కీర్తనల వల్లే.

అపోహ: ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కష్టం, ఈ కాలం వాళ్ళు పాడలేరు.

వాస్తవం: పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటివారు పల్లవి, చరణాలతో, రాగతాళాలతో కట్టిన కీర్తనలివి. పల్లవి రెండుసార్లు వింటే మూడోసారి పిల్లలు కూడా అందుకుంటారు. ఇబ్బంది ఎక్కువగా శ్రుతి దగ్గర, అంటే పాటకు ఆధారమైన ‘స’ను ఎంత ఎత్తులో పెట్టుకుంటామన్న దగ్గర వస్తుంది. నడిపించేవారు తమ గొంతుకు హాయిగా ఉందని రెండున్నర శ్రుతిలో ఎత్తుకుంటారు. పల్లవి బాగానే సాగుతుంది. చరణం తారస్థాయి గాంధారం (పై స్థాయిలోని ‘గ’ స్వరం) అందుకోగానే వెనుక వరుసల్లో మగవాళ్ళ గొంతులు ఒక్కసారిగా ఆగిపోతాయి. అదే పాటను ఒకటో శ్రుతికి దించితే వాళ్ళు చివరిదాకా పాడతారు. అందుకే చరణంలో అన్నిటికన్నా పై స్వరం ఏదో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టి శ్రుతి పెట్టాలి. ఇది సాధనలోనే తేల్చుకోవాలి, ఆరాధన మొదలయ్యాక కాదు.

అపోహ: శబ్దం పెరిగితే ఆరాధన పెరుగుతుంది.

వాస్తవం: పక్కవారి గొంతు వినబడకపోతే మనిషి పాడటం మానేస్తాడు. స్పీకర్ల హోరులో పెదవులు కదులుతాయి, అంతే. కీబోర్డును, డ్రమ్స్‌ను కాసేపు ఆపి, తబలా లేదా చేతి తాళంతో ఒక చరణం పాడించి చూడండి. మొదటి పాదంలో తడబాటు ఉంటుంది. అక్కడ కంగారుపడి వాద్యాలు మళ్ళీ ఎత్తుకోకూడదు. రెండో పాదానికి సంఘం తన గొంతు తాను వినడం మొదలుపెడుతుంది.

అపోహ: గొంతు బాగాలేనివారు పాడకూడదు.

వాస్తవం: ‘యెహోవాకు ఉత్సాహధ్వని చేయుడి’ అన్న 100వ కీర్తన సమస్త దేశాలనూ పిలిచింది, విద్వాంసులను మాత్రమే కాదు. శ్రుతి నిలవనివారు నిలకడగా పాడేవారి పక్కన కూర్చుంటే చాలావరకు వాళ్ళ వెంట వస్తారు. మా గాయక బృందంలో కొందరిని వేదిక మీద కాకుండా సంఘస్థుల మధ్య కూర్చోబెడుతున్నది అందుకే.