పల్లె ఐసు రింకులు: అపోహలు - వాస్తవాలు

కెనడాలోని సస్కాచువాన్‌లో, గోధుమ పొలాల మధ్య ఉన్న ఒక చిన్న ఊరి రింకుకు (ఐసు మీద ఆడే ఆటస్థలానికి) ఐసు వేయడం నా పని. ఒక పెద్ద షెడ్డులో స్కేటింగ్, దాని గోడనానుకొని కర్లింగ్ (బరువైన రాళ్లను ఐసు మీద గురివైపు జార్చే ఆట), రెండింటికీ మధ్య అద్దాల గది, ఆ గదిలో వంటగది. ఇక్కడి పల్లెల్లో తరచుగా కనిపించే అమరిక ఇదే. రెజైనా, సాస్కటూన్ నగరాల నుంచి చూడటానికి వచ్చే మన తెలుగువాళ్ల నోట పదే పదే వినిపించే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: చలి దేశం కదా, నీళ్లు వదిలేస్తే తెల్లారేసరికి ఐసు తయారు.

వాస్తవం: అలా వదిలేస్తే తయారయ్యేది ఐసు కాదు, పెంకు. మందంగా పోసిన నీరు పైనుంచి గడ్డకడుతుంది, అడుగున గాలీ నీరూ చిక్కుకుంటాయి. ఎవరైనా కాలు మోపగానే పెళపెళమంటుంది. గోడకు సున్నం పూతలు వేసినట్టు పలుచగా వేస్తూ, ఒకటి బిగిశాకే మరొకటి వేయాలి. మందం మూడు సెంటీమీటర్లకు చేరేలోపు ఎన్ని రాత్రుల నిద్ర పోతుందో మమ్మల్ని అడగండి. చలి మరీ ముదిరినా చిక్కే. మైనస్ 30లో సహజ ఐసు కుంచించుకుని చీలుతుంది, పెళుసెక్కి బ్లేడు కింద చిట్లుతుంది.

లండన్‌లో జాన్ గామ్జీ అనే ఆయన యంత్రంతో గడ్డకట్టించిన రింకును 1876లోనే తెరిచాడు. ఆ యంత్రం ప్రెయిరీ (కెనడా గడ్డిమైదానాల) పల్లెలకు చేరడానికి ముప్పావు శతాబ్దం, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే పట్టింది. కంప్రెసర్‌కు కరెంటు కావాలి, దాన్ని కొనడానికి డబ్బు కావాలి. సస్కాచువాన్ గ్రామీణ విద్యుదీకరణ చట్టం వచ్చిందే 1949లో. అంతవరకూ గడ్డకట్టిన చెరువు, ఆ తరువాత చుట్టూ చెక్కలు బిగించిన ఆరుబయలు రింకు, ఆ పైన షెడ్డు. ఆ షెడ్డు కప్పు చలిని ఆపడానికి వేసినది కాదు. ఎండను, హిమపాతాన్ని ఆపడానికి వేసినది. చలి కావాలంటే తలుపులు బార్లా తెరిచేవారు. మార్చి ఎండ ముదిరితే ఆట ముగిసినట్టే.

అపోహ: ఇవన్నీ ప్రభుత్వం కట్టించి ఇచ్చినవే.

వాస్తవం: కొంతవరకే నిజం. 1967లో కెనడా నూరేళ్ల పండుగకు ఇచ్చిన నిధులతో చాలా ఊళ్లు రింకులు కట్టుకున్నాయి. మిగతా కథంతా చందాలు, లాటరీ టికెట్లు, కోడిమాంసం విందులు, శ్రమదానం. అద్దాల గదిలోని వంటగదిని తక్కువగా చూడకండి. అక్కడ ఆడవాళ్లు కాల్చి అమ్మిన ‘పై’ (pie) ముక్కలే చాలా ఊళ్లలో కరెంటు బిల్లు కట్టాయి. పెద్ద పోటీ పెట్టి బయటి జట్లను రప్పించడం మరో దారి. మా సస్కాచువాన్‌లోనే ఉన్న నిపావిన్‌లో 1947లో జరిగిన కర్లింగ్ పోటీకి బహుమతి నాలుగు హడ్సన్ కార్లు! యుద్ధం ముగిసి కార్లు దొరకని రోజుల్లో ఆ ఎర ఎంత బలమైనదో ఊహించుకోండి.

అపోహ: కర్లింగ్ ఐసు అద్దంలా నునుపు. చీపురుతో దాని మీది దుమ్ము ఊడుస్తారు.

వాస్తవం: నునుపుగా ఉంటే రాయి సగం దారిలోనే ఆగిపోతుంది. అందుకే వీపుకు నీళ్ల డబ్బా తగిలించుకుని, వెనక్కి నడుస్తూ, గొట్టాన్ని అటూ ఇటూ ఊపుతూ వెచ్చని నీటి చుక్కలు చల్లుతాం. ఆ చుక్కలు బుడిపెలుగా గడ్డకడతాయి. తరువాత వాటి కొనలను బ్లేడుతో సమానంగా చెక్కుతాం. దాదాపు 20 కిలోల రాయి అడుగు లోపలికి గుంటగా ఉంటుంది. ఐసును తాకేది అయిదారు మిల్లీమీటర్ల వెడల్పున్న వలయం మాత్రమే, అదీ బుడిపెల మీద. చీపురు రుద్దితే బుడిపెల పైభాగం కాస్త వేడెక్కి రాపిడి తగ్గుతుంది. దాంతో రాయి మరికొంత దూరం, మరికొంత తిన్నగా పోతుంది. దుమ్ము తుడవడం కూడా ఉంది కానీ అది చిన్న పని. తిప్పి వదిలిన రాయి తిరిగిన వైపుకే ఎందుకు వంగుతుందన్న దానిపై భౌతిక శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. వాళ్లు తేల్చుకునేవరకు మా చుక్కలు మేం చల్లుతూనే ఉంటాం.

నిజానికి మా శత్రువు వేడి కన్నా తేమ. గదినిండా జనం ఊపిరి, కాఫీ ఆవిరి, తడి కోట్లు కలిసి ఐసు మీద నూగులా పేరుకుంటే రాయి బరువెక్కినట్టు ఈడుస్తుంది.

అపోహ: స్కేటు బ్లేడు ఒత్తిడికి ఐసు కరుగుతుంది, ఆ నీటి మీద జారుతాం.

వాస్తవం: బడి పుస్తకాల్లో బాగా పాతుకుపోయిన మాట. కరిగే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గాలంటే సుమారు 130 వాతావరణ పీడనాలు కావాలి. మైనస్ 20లో కూడా పిల్లలు హాయిగా స్కేటింగ్ చేస్తారు కాబట్టి ఆ లెక్క నిలవదు. ఐసు ఉపరితలం మీద సహజంగానే నీటిలాంటి పలుచని పొర ఉంటుందని శాస్త్రవేత్త ఫారడే 1850లోనే సూచించాడు. దానికి బ్లేడు రాపిడి వేడి తోడవుతుంది.

అపోహ: వేడి నీళ్లు త్వరగా గడ్డకడతాయని వాటితో ఐసు సరిచేస్తారు.

వాస్తవం: త్వరగా కాదు, గట్టిగా అతుక్కోవడానికి. వేడి నీరు పాత ఐసు పైపొరను కొంచెం కరిగించి దానితో ఏకమవుతుంది. దానిలో కరిగిన గాలి కూడా తక్కువ. ఫ్రాంక్ జాంబోనీ 1949లో కాలిఫోర్నియాలో ఐసు సరిచేసే యంత్రం తయారు చేసేవరకు, ఆ తరువాతా చాలా పల్లెల్లో, నీళ్ల పీపా వెనుక తడిగుడ్డ కట్టి లాగడమే పద్ధతి.

అపోహ: పల్లె రింకుల్లో ఆడేవాళ్లు సరదాకే ఆడతారు.

వాస్తవం: సస్కాచువాన్‌లోని చిన్న ఊరు స్టౌటన్ నుంచి వచ్చిన రిచర్డ్‌సన్ అన్నదమ్ములు, వాళ్ల దాయాదులు కలిసి 1959, 1960, 1962, 1963లలో కెనడా కర్లింగ్ టైటిల్ గెలిచారు. 1998 నాగానో ఒలింపిక్స్‌లో కర్లింగ్ స్వర్ణం గెలిచిన సాండ్రా ష్మర్లర్‌ది ఇక్కడి బిగ్గర్ అనే చిన్న ఊరు. ఇక చెప్పేదేముంది?

అపోహ: చిన్న రింకు కాబట్టి అమ్మోనియాతో ప్రమాదం తక్కువ.

వాస్తవం: ఐసు అడుగున పైపుల్లో తిరిగేది ఉప్పునీరే అయినా, దాన్ని చల్లబరిచేది చాలాచోట్ల అమ్మోనియా. 2017 అక్టోబరు 17న బ్రిటిష్ కొలంబియాలోని ఫెర్నీలో కర్లింగ్ రింకు చిల్లర్ (ఉప్పునీటిని చల్లబరిచే యంత్రం) నుంచి అమ్మోనియా లీకై ముగ్గురు చనిపోయారు. ఆ చిల్లర్ పాతది, లీకు సంగతి ఆ వసంతంలోనే తెలుసు. రింకులో పనికి చేరే కుర్రాళ్లు జీతం అడిగే ముందు చిల్లర్ వయసు, ఆఖరి తనిఖీ తేదీ అడగండి. అలారం మోగితే యంత్రాల గదిలోకి తొంగిచూడకండి. అందరినీ బయటికి పంపి, మీరూ గాలికి ఎదురుగా నడిచి, అక్కడి నుంచి ఫోను చేయండి.