జూమ్ లెన్స్ కొనేముందు టార్చి వేసి చూడండి: ఫిల్మ్ కెమెరా అపోహలు - వాస్తవాలు

"ముందు నుంచి చూస్తే గాజు తళతళలాడుతోందండీ, తీసేసుకోనా?" ఫిల్మ్ ఎస్‌ఎల్‌ఆర్‌కి (లెన్స్ మార్చుకునే రీలు కెమెరాకి) తక్కువ ధరలో పాత జూమ్ వెతుక్కునేవాళ్లు పదేపదే అడిగే మాట ఇది. మన గోదావరి జిల్లాల్లో డబ్బు పోగొట్టేది కూడా ఇదే.

అపోహ: గాజు మెరుస్తుంటే లెన్స్ బాగున్నట్టే. ఫంగస్ (బూజు) ఉన్నా తుడిస్తే పోతుంది.

వాస్తవం: మీరు తుడవగలిగేది ముందూ వెనకా గాజుల్ని మాత్రమే. చిన్న 35-70 (ఎంఎంలో జూమ్ పరిధి) లెన్స్‌లోనే 7, 8 గాజులుంటాయి, 70-210లో 12, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. ఫంగస్ పట్టేది ఎక్కువగా వాటి మధ్యలోనే. పైగా జూమ్ గొట్టం లాగినప్పుడల్లా బయటి గాలి లోపలికి పోతుంది. గోడకి తగిలించిన తోలు బెల్టుకే ముసుర్లలో బూజు పట్టే కోనసీమలో ఆ గాలి ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఫంగస్ వదిలే ఆమ్లం ముందు కోటింగ్‌ని, తర్వాత గాజునీ తింటుంది. శుభ్రం చేసినా ఆ గాటు పోదు. జూమ్ విప్పి బిగించేటప్పుడు గాజుల వరస కాస్త తప్పినా బొమ్మ ఒక పక్క మసకబారుతుంది. చవక జూమ్‌కి ఆ పని చేయిస్తే తరచూ లెన్స్ ధర కంటే మజూరీయే ఎక్కువవుతుంది.

చూసే పద్ధతి ఇదీ. రెండు మూతలూ తీసి ఎపర్చర్ (వెలుతురు లోపలికి వెళ్లే రంధ్రం) పూర్తిగా తెరవండి. వెనక నుంచి చూస్తూ, ముందు వైపు టార్చి నేరుగా కాకుండా కాస్త ఏటవాలుగా వేయండి. జూమ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి, ఫోకస్‌ని దగ్గర నుంచి దూరానికి తిప్పుతూ చూడండి. సాలెగూడు పోగుల్లా, కొమ్మల్లా కనిపిస్తే ఫంగస్. పాలపొరలా సమంగా ఉంటే హేజ్. అంచున ఇంద్రధనుస్సు రంగులుంటే అతికించిన గాజులు విడిపోతున్నట్టు. ఈ మూడింట్లో ఏదున్నా ఆ లెన్స్ వదిలేయండి. నాలుగు దుమ్ము రేణువులుంటే బేరం మానక్కర్లేదు, అవి ఫొటోలో రావు. ఫంగస్ కూడా మామూలు వెలుతురులో పెద్దగా తెలియదు. సాయంత్రం పుష్కర ఘాట్ మీద నీటి మెరుపుకి ఎదురుగా తీస్తే ఫ్రేమంతా తెల్లబారిపోతుంది.

ఎపర్చర్ రేకులూ చూడండి. రింగ్‌ని చిన్న ఎపర్చర్‌కి తిప్పి, వెనకున్న మీట కదిపి వదిలితే రేకులు టక్కున కదలాలి. నూనె పట్టి మెల్లగా కదిలాయంటే షట్టర్ పడేలోపు మూసుకోవు, ఫిల్మ్‌కి వెలుతురు ఎక్కువైపోతుంది. డిజిటల్‌లో వెంటనే తెలుస్తుంది. ఇక్కడ 36 ఫొటోలూ తీసి, రీలు కడిగించాక గానీ బయటపడదు.

అపోహ: మౌంట్ (లెన్స్ కెమెరాకి బిగిసే చోటు) పేరు కలిస్తే చాలు.

వాస్తవం: నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచీ ఉంది. అయినా ఎపర్చర్ రింగ్ లేని జి లెన్స్‌ని ఎఫ్‌ఎం2, ఎఫ్‌ఎం10 లాంటి మాన్యువల్ కెమెరా బాడీకి పెడితే ప్రతి ఫొటో అన్నిటికంటే చిన్న ఎపర్చర్‌లోనే పడుతుంది. చిన్న డిజిటల్ సెన్సార్ కోసం చేసిన డిఎక్స్ లెన్స్‌తో మూలలు నల్లబడతాయి. కానన్‌లో పాత ఎఫ్‌డి, 1987లో వచ్చిన ఇఎఫ్ ఒకదానికొకటి పట్టవు. చిన్న సెన్సార్ డిజిటల్ కోసం చేసిన ఇఎఫ్-ఎస్ ఏ ఫిల్మ్ బాడీకీ పట్టదు.

అపోహ: 28-200 ఒక్కటుంటే అన్నీ అయిపోతాయి.

వాస్తవం: చవక రకంలో అది దూరపు కొసన ఎఫ్ 5.6 అవుతుంది (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది). వ్యూఫైండర్ మధ్యలో ఫోకస్ చూసుకునే స్ప్లిట్ ఇమేజ్‌లో ఒక సగం నల్లబడి ఫోకస్ కుదరదు. దట్టంగా మబ్బు పట్టిన రోజున ఐఎస్‌ఓ (ఫిల్మ్ వెలుతురుని పట్టే శక్తి) 100 ఫిల్మ్‌తో ఎఫ్ 5.6 దగ్గర షట్టర్ వేగం 1/125 సెకను మించదు. 200 ఎంఎంని చేత్తో పట్టుకోవడానికి కనీసం 1/250 కావాలి. 35-70 ఒకటి, ఎఫ్ 4 స్థిరంగా ఉండే 70-210 ఒకటి, ఐఎస్‌ఓ 400 రీలు: నా ఓటు వీటికే.

అపోహ: కెమెరా కంపెనీ సొంత లెన్స్ కాకపోతే దండగ.

వాస్తవం: టామ్రాన్ అడాప్టాల్-2 రకానికి వెనక రింగ్ మారిస్తే వేరే కంపెనీ బాడీకీ పనికొస్తుంది. టార్చి పరీక్షలో నెగ్గిన టామ్రాన్, బూజు పట్టిన నికాన్ కంటే ఎన్నో రెట్లు నయం.

అపోహ: బియ్యం డబ్బాలో దాస్తే తేమ పట్టదు.

వాస్తవం: బియ్యంలోనే 12-14 శాతం తేమ ఉంటుంది, తవుడు పొడి అదనం. బీరువాలో కలరా ఉండల పక్కనా వద్దు, ఆ ఆవిరి గాజు మీద పొర కడుతుంది. తోలు కవరు చెమ్మని పట్టి ఉంచుతుంది, అదీ తీసేయండి. రబ్బరు అంచున్న గాలి చొరని డబ్బా, గుడ్డ సంచిలో 100 గ్రాముల సిలికా జెల్ (తేమ పీల్చే నీలం గింజలు), చిన్న తేమ మీటరు కొనుక్కోండి. మీటరు 40-50 శాతం మధ్య ఉండాలి. నీలం గింజలు గులాబీ రంగుకి మారితే ఒవెన్‌లో 120 డిగ్రీల దగ్గర మళ్లీ నీలమయ్యేదాకా వేడి చేసి, చల్లారాక పెట్టండి.

ఇంట్లో ఉన్న తాతగారి లెన్స్‌లో చుక్క కనిపించిందని కంగారు పడేవాళ్లున్నారు. పారేయకండి. ఆ చుక్కని టార్చి వెలుగులో మొబైల్‌తో ఫొటో తీసి, లెన్స్‌ని డబ్బాలో పెట్టి, నెలకోసారి పోల్చి చూడండి. వానాకాలం గడిచినా పెరగలేదంటే ఆగినట్టే. హుడ్ (లెన్స్ ముందు నీడ పట్టే గొట్టం) తగిలించి, ఎండకి ఎదురుగా కాకుండా నిశ్చింతగా తీసుకోండి.