జిమ్ లేని ఇంట్లో కండ ఎలా వస్తుంది?

ప్రియమైన పిల్లలకు,

పెదనాన్న ఆశీస్సులు. "జిమ్‌కి వెళ్లకుండా కండ వస్తుందా పెదనాన్నా?" అని మొన్న అడిగారు కదా. వస్తుంది. ఎలాగో ఫోన్‌లో చెప్తే సగమే వింటారని రాస్తున్నాను.

తాలింఖానాలు, అంటే పాతకాలపు వ్యాయామశాలలు, ఉన్న రోజుల్లో ముందు దండీలు (మీ పుషప్‌ల లాంటివి), బస్కీలు (మోకాళ్లు వంచి కూర్చుని లేవడం), ఆ తర్వాతే మిగతావన్నీ. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడుగారు ఇనుప గొలుసులు తెంచారని అందరూ చెప్తారు. సర్కస్ పెట్టకముందు ఆయన విజయనగరంలో బడిపిల్లలకి వ్యాయామం నేర్పిన మాస్టారని చెప్పేవాళ్లు తక్కువ. నాకు ఆ సంగతే ఎక్కువ ఇష్టం.

పుషప్ చేసేటప్పుడు మన బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చేతుల మీద పడుతుంది. మోకాళ్లు నేలకి ఆనిస్తే సగానికి కాస్త అటూ ఇటూ. గోడకి చేతులు ఆనించి నిలబడి చేస్తే ఇంకా చాలా తక్కువ. అంటే బరువు పెంచడానికి ఇనుము కొనక్కర్లేదు, ఒంటి వాలు మారిస్తే చాలు. మొదట గోడ, తర్వాత మంచం పట్టె, ఆపైన నేల. అదీ అలవాటయ్యాక కాళ్లు మెట్టు మీద పెట్టి చేయండి. నడుము జారకుండా ఒకచోట పన్నెండు వచ్చాకే తర్వాతి దానికి వెళ్లండి. తల మాత్రం ఊపుతూ సగం సగం చేసే యాభై నా లెక్కలోకి రావు.

మొదటి వారాల్లో కండ పెద్దగా పెరగకుండానే లెక్క పెరుగుతుంది. ఉన్న కండని బాగా వాడుకోవడం నరాలు నేర్చుకుంటాయి మరి. కుర్రాళ్లు తొందరపడేది ఇక్కడే. కండని ఎముకకి పట్టి ఉంచే టెండన్లకి రక్తసరఫరా తక్కువ, అవి నెమ్మదిగా గట్టిపడతాయి. వాటికి టైమివ్వకపోతే మోచేతులు నొప్పెడతాయి. రోజు విడిచి రోజు చేయండి. ప్రొటీన్ పౌడర్ కొనమని అమ్మని సతాయించకండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కూడా వాటి జోలికి వెళ్లొద్దనే చెప్పింది. పప్పు, గుడ్డు, పెరుగు, పల్లీలు ఉన్నాయిగా.

ఇక క్రమశిక్షణ. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఫొటో పెట్టడమే క్రమశిక్షణ అని మీ వయసువాళ్లు అనుకుంటారు. పసిపిల్ల ఉన్న ఇంట్లో నాలుగింటికి ఎలాగూ అందరూ లేచే ఉంటారు. మీ అక్క పుట్టాక నా జిమ్ ముచ్చట తీరిపోయింది. పాలు కాగేలోపు వంటగట్టుకి చేతులు ఆనించి పుషప్‌లు చేసేవాణ్ని. నిద్రలేని రోజున లెక్క తగ్గించేవాణ్ని గానీ ఆ వేళని మాత్రం వదిలేవాణ్ని కాదు.

అక్కకి మెడ నిలిచాక గుండెలకి హత్తుకుని బస్కీలు తీసేవాణ్ని. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ అయిదో నెలకల్లా రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు బరువు అవుతుంది. ఇంత ఓపిగ్గా బరువు పెంచే కోచ్ ఎక్కడ దొరుకుతాడు? పైగా మధ్యలో ఆపితే ఏడుపు. ఒకటే జాగ్రత్త, చేతిలో బిడ్డ ఉన్నప్పుడు ఓపిక అయిపోయేదాకా చేయకూడదు, కాళ్లు వణక్కముందే ఆపేయాలి. తమ్ముణ్ని ఎత్తుకుని ప్రయత్నిద్దామని చూస్తారేమో, అది పెద్దవాళ్ల పని. మీకు పుస్తకాల సంచి చాలు.

పులప్, అంటే బార్‌కి వేలాడి ఒంటిని పైకి లాక్కోవడం, ఒక్కటీ రాకపోయినా బెంగ వద్దు. స్టూల్ ఎక్కి గడ్డం బార్ పైకి తెచ్చుకుని, అక్కణ్నించి నెమ్మదిగా, అయిదారు అంకెలు లెక్కపెడుతూ దిగండి. పైకి ఎత్తలేని బరువుని కూడా కండ కిందికి దించగలదు. అలా దిగగా దిగగా ఎక్కడం కూడా వస్తుంది. చిట్టితల్లీ, ఆడపిల్లలకి పులప్ రాదని ఎవరన్నా అంటే వాదన పెట్టుకోకు, స్టూల్ తెచ్చుకో.

గుమ్మానికి బార్ బిగించాక ముందు మీ నాన్నని వేలాడి చూడమనండి. వాడి బరువుకి ఆగితే మీ బరువుకీ ఆగుతుంది. వెంటనే దిగనివ్వకండి, వాడికీ అవసరమే.

మీ పెదనాన్న